ఊరు విడుపు నాడు మిగిలినవాడు

భానుమూర్తి తన నవల మొదటి అధ్యాయంలో ప్రపంచాన్ని ముంచేశాడు. రెండో అధ్యాయంలో తనకు గిట్టనివాళ్ళను ఏరి ఏరి మరీ ముంచాడు. పేర్లు మార్చాడనుకోండి. అయినా పడక్కుర్చీలో కూర్చుని ఊరందరికీ తీర్పులు చెప్పే ముసలాయన ఎవరో, పలాస నుంచి ఊడిపడి ఉచిత సలహాలిచ్చే బావమరిది ఎవరో అతని ఊరు మొగలివలసలో ఎవర్నడిగినా చెబుతారు. సముద్రం పొంగి, ఉద్దానం కొబ్బరితోటలు దాటి, పలాస స్టేషన్లో ఆగి ఉన్న రైలును కూడా మింగేశాక, నౌపడ ఉప్పుమళ్ళ గట్టు మీద ఒకే ఒక్క మనిషి మిగిలాడు. అందుకే నవల పేరు ‘మిగిలినవాడు’. ఆ మిగిలినవాడు అచ్చం భానుమూర్తిలాగే ఉంటాడు. కాకపోతే కాస్త పొడుగు, పొట్ట లేదు.

విశాఖపట్నంలో వారపత్రిక నడిపే జానకిరామ్ ఈ నవలను పుస్తకంగా వేస్తానని మాటిచ్చాడు. ఆఖరి అధ్యాయం చదివాక ఫోన్ చేశాడు.

"భానుమూర్తి గారూ, మీ హీరోకి ఒంటరితనంతో పిచ్చెక్కిందని రాశారు. ఎక్కడెక్కిందండీ? పిచ్చివాడు ‘పై విషయమును పరిశీలించగా’ అంటాడా? వాడు పిచ్చివాడిలా లేడు, గుమాస్తాలా ఉన్నాడు. చదివితే నాకు వణుకు పుట్టాలి. పుడితే వేస్తాను. లేదంటే మీ దారి మీది, నా దారి నాది."

భానుమూర్తి నిజంగానే టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. అందుకే ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. అవమానం దిగమింగుకుని సెలవు పెట్టాడు. ఒంటరితనమంటే ఏమిటో తేల్చుకుంటానని, జీడిపిక్కల బస్తాలు వేసుకునే వెనక గదిలోకి మకాం మార్చాడు. ఆ గదికి పెరట్లోకి వేరే గుమ్మం ఉంది. ఇంట్లోకి ఉన్న తలుపుకు లోపల గడియ పెట్టి, నన్నెవరూ పలకరించొద్దన్నాడు. ఇంట్లో పలకరించడానికి ఉన్నది భార్య త్రిపురసుందరి ఒక్కతే. కూతురు మానస వైజాగ్ హాస్టల్లో చదువుకుంటోంది.

ఇది మొదలైనప్పుడు జీడిచెట్లు పూతమీదున్నాయి. ఇప్పుడు పిక్కలు ఏరడం కూడా అయిపోయింది. ఇన్నాళ్ళూ మొగుడూపెళ్ళాల మధ్య మాట లేదు. తలుపు అవతల నుంచి ఆమె ఏదైనా అడిగితే ఈయన దగ్గేవాడు. ఒక దగ్గు అంటే సరే, రెండంటే వద్దు. లోకంలో చివరి మనిషికి మూడు పూటలా గుమ్మం దగ్గరికి వేడివేడి భోజనమూ, ఫ్లాస్కులో టీ ఎలా వస్తున్నాయని అడక్కండి. అంతా చేసినా పిచ్చి మాత్రం రాలేదు. బరువు పెరిగాడు.

ఇలా ఉండగా ఊరు విడుపు వచ్చింది.

మొగలివలసలో మూడేళ్ళకోసారి జరిగే తంతు అది. ఆ రోజు తెల్లవారకముందే పొయ్యిలు చల్లార్చి, కరెంటు మెయిన్లు కట్టేసి, ఆవులు, మేకలు, కోళ్ళు, కుక్కలతో సహా ఊరంతా సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలోకి వెళ్ళిపోతుంది. ఇళ్ళకు తాళాలు వెయ్యరు. వండిన పదార్థాలు మూతలు పెట్టి వంటింట్లోనే ఉంచుతారు. ఆ పగలంతా గ్రామదేవత అసిరితల్లి ఊళ్ళోకి వచ్చి ఇల్లిల్లూ తిరుగుతుందని నమ్మకం. పొద్దు వాలాక, తల్లి పేర నీళ్ళు నింపిన ఘటం నెత్తిన ఎత్తిన ఆడమనిషి ముందు నడుస్తుంటే వెనకాల ఊరంతా తిరిగొస్తుంది. ఎవరింట్లో వాళ్ళు తల్లి ఏం గుర్తు విడిచిందో వెతుక్కుంటారు. తల్లి రుచి చూసిన కూర, తల్లి కదిపిన ఉయ్యాల, తల్లి గడపకు రాసిన పసుపు. గుర్తు దొరికిన ఇంటివాళ్ళ సంబరం చూడాలి.

ఆ పగలు ఊళ్ళో ఎవరైనా మిగిలిపోతే తల్లి ఎదురుపడుతుందని, ఎదురుపడితే మతి పోతుందని అంటారు. పైగా ఘటం మైలపడినట్టే. తంతంతా మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, ఆ ఘటం ఎత్తిన మనిషికి మళ్ళీ ఈ జన్మలో ఘటం ఇవ్వరు.

ఈ సారి ఘటం త్రిపురసుందరిది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎదురుచూసిన వంతు. తెల్లవారుజామునే తలంటుకుని, పసుపు చీర కట్టుకుని, వెనక గది తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"ఘటం నాది. మీరు తోటలోకొస్తారు కదా?"

భానుమూర్తి ఒకసారి దగ్గాడు. ఆమె గుడికి వెళ్ళిపోయింది.

వెళ్ళే ఉద్దేశం అతనికి వీసమెత్తు లేదు. ఊరు ఖాళీ, పైగా మతి పోతుందట! జానకిరామ్ అడిగింది అసిరితల్లి పళ్ళెంలో పెట్టి ఇస్తుంటే కాదనడానికి అతనెవరు? ఘటం సంగతి గుర్తొచ్చింది గానీ, పట్టుబడితే కదా అనుకున్నాడు. ఊరి పెద్ద మన్మథరావు, అదే, రెండో అధ్యాయంలో మునిగిన పడక్కుర్చీ ముసలాయన, వీధిలో కేకేశాడు.

"ఒరే భానుమూర్తీ, వస్తన్నావా, నేదా?"

"మీరు పదండి మావా, నాను ఎనకే వస్తన్నాను," అని బదులిచ్చి భానుమూర్తి బస్తాల వెనక నక్కాడు.

డప్పు దూరమైంది. మేకల అరుపులు దూరమయ్యాయి. ఇక ఏమీ లేదు.

బనియనూ లుంగీతో బయటికొచ్చి నడివీధిలో నిలబడ్డాడు. ఊరు నిజంగానే ఖాళీ. కోడి లేదు, ఆటో లేదు, టీవీ లేదు, ఎవరింట్లోనూ అత్తాకోడళ్ళు లేరు. ఎప్పుడూ వినపడని సముద్రం పక్కింట్లో ఉన్నట్టు వినపడుతోంది. ఇన్నాళ్ళు ఎందుకు వెనక గదిలో ఉక్కపోసుకున్నానా అనిపించింది. తిన్నగా మన్మథరావు ఇంటి అరుగెక్కి, ఆ పడక్కుర్చీలో వెల్లకిలా పడి, కాళ్ళు చాపి, పైకే అన్నాడు. "ఈ ఊరికి నేనే రాజును!"

కాదనేవాడు లేడు. ఔననేవాడూ లేడు. రెండోసారి ఇంకాస్త గట్టిగా అన్నాడు. మూడోసారి అనబోతే గొంతు వెగటుగా అనిపించింది. రాజరికంలో ఇంత విసుగుంటుందని అతను అనుకోలేదు. లోపల గోడ మీద మన్మథరావు తండ్రి ఫోటో దండతో సహా తనవైపే చూస్తోంది. "ఏటి సూస్తన్నావు?" అన్నాడు. కాసేపటికి, "తప్పయిపోయింది తాతా," అని కుర్చీ దిగాడు.

వీధిలోకొస్తే సొంత చెప్పుల చప్పుడే వెనకాల ఎవరో వస్తున్నట్టు ఉంది. ఆగితే ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఇప్పుడు చప్పుడు లేకపోవడం ఇంకా భయంగా ఉంది. ఎండలో తలుపులన్నీ బార్లా తెరుచుకుని, ప్రతి ఇల్లూ ఏదో అడగబోయి ఆగినట్టు ఉంది. పిచ్చి వస్తోందని గమనించి లోలోపల సంతోషించాడు. ఆ సంతోషం వీధి మలుపు దాకానే.

మలుపులో ఉమామహేష్ ఇంటి వంటింట్లోంచి గిన్నె మూత తీసిన చప్పుడయింది.

భానుమూర్తి కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. దేవుడు లేడని టెక్కలి ఆఫీసులో టీ విరామాల్లో ఎందరితోనో వాదించి గెలిచినవాడు. మూత మళ్ళీ మోగింది. ఆ వెంటనే ఎవరో చప్పరిస్తున్న శబ్దం. పారిపోదామనుకున్న కాళ్ళు, ఏం జబ్బో, లోపలికి నడిచాయి. పసుపు చీర, విరబోసిన తెల్లజుట్టు, ముఖం నిండా పసుపు, చేతిలో ఆవకాయ జాడీ. ఆ రూపం ఇటు తిరిగింది.

భానుమూర్తి సాష్టాంగపడ్డాడు. "తల్లీ! నాకేమీ తెలీదు తల్లీ! జానకిరామ్ రాయమన్నాడు. నవల మానేస్తాను తల్లీ!"

"మానెయ్," అంది తల్లి. అని, టెంక ఉమ్మేసి, పకపకా నవ్వింది. "లెగు అల్లుడా. ఉమామహేసు పెళ్ళానికి ఆవకాయెట్టడం ఈ జన్మకి రాదు. ఉప్పు కసిం, నోట్లో ఎట్టనేం."

ఆ గొంతు అతనికి తెలుసు. రత్నాలమ్మ. ఊరి చివర పూరింట్లో ఒంటరిగా ఉండే ముసలామె. వరసకు అత్త.

"నువ్వేటత్తా ఇక్కడ?" అన్నాడు లేచి కూర్చుని.

"నానెప్పుడూ ఇక్కడే. నువ్వేటి కొత్తగా?"

వీధి అరుగు మీద కూర్చోబెట్టి, కుండలో నీళ్ళు తాగించి, చెప్పింది.

"పెల్లయిన ఏడాదికే మీ మావ పోనాడు. అత్తోరింట్లో ఓ మూల పడుండీదాన్ని. ఆ ఏడు ఊరిడుపుకి నాకు జొరం. అందరూ ఎలిపోనారు. మేకల్ని లెక్కెట్టుకున్నారు, కోళ్ళని లెక్కెట్టుకున్నారు, నన్ను మరిసిపోనారు. మెలకువొచ్చి సూస్తే ఊళ్ళో పురుగు నేదు. ఏడిసినాను. మద్దేనానికి ఆకలేసింది. ఆకలి ముందు బయ్యం ఏపాటిది? పక్కింట్లోకి దూరి ఆ ఇంటి కోడలు వండిన కూడు తినీసినాను. ఆ కోడలికి రోజూ తిట్లే తిండి. సాయంత్రం ఆ అత్త ఒచ్చి సూసింది. గిన్ని కాళీ. ‘నా కోడలి సేతి వంట తల్లి తిన్నాది’ అని ఊరంతా టాంటాం ఏసింది. ఆ నాటి నించి ఆ పిల్లని పల్లెత్తు మాటన్నేదు. ఆకలేసి నాను తింటే తల్లి తిన్నాదన్నారు. తల్లికి నేని నొప్పి నాకేటని, అప్పట్నించి పెతీసారీ మిగిలిపోతన్నాను. పొద్దోయీముందు మొగలిపొదల ఎనకనించి పోయి ఆళ్ళల్లో కలిసిపోతాను."

"ఎవరూ నిన్ను వెతకరా?"

"నన్నెవులు ఎతుకుతార్రా?" అంది రత్నాలమ్మ, అదేదో పెద్ద హాస్యమైనట్టు.

భానుమూర్తిలోని రచయిత అప్పుడే తేరుకున్నాడు. ఇదే అదనని అడిగాడు. "అత్తా, ఆ మొదటి రోజు ఒంటరిగా ఉన్నప్పుడు మతి పోతున్నట్టు అనిపించిందా? ముందేటి పోతాది? మాటా? నిద్రా?"

రత్నాలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఊరు కాళీ అయితే మతెందుకు పోద్ది? పొద్దోతే అందరూ వచ్చీస్తారని తెలుసు కదా. ఊరు నిండుగుండి, ఇంట్లో మనిసుండి, పలికీవోడు నేకపోతే పోద్ది బాబూ."

మాట బాగుందని భానుమూర్తి మనసులో రాసుకున్నాడు. అది తనకే తగిలిందని మాత్రం తట్టలేదు. పుస్తకాలు రాసేవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది.

"సరే, ఎలాగూ ఉన్నావు కదా, లెగు," అంది రత్నాలమ్మ. "నా మోకాళ్ళు పని సెయ్యట్నేదు. కిందటిసారి సివరి వీది ఇళ్ళకి ఎల్లనేకపోనాను. తల్లి మా ఇంటికి రానేదని ఆళ్ళు ఎంత ఏడిసినారో నీకు తెల్దు. ఈసారి ఆ వీది నువ్వు తిరుగు."

"నేనా? దేవతగానా?"

"ఎవులు సూడొచ్చినారు?"

ప్రపంచంలో చివరి మనిషి అవుదామని బయల్దేరినవాడు ఆ విధంగా అసిరితల్లి దగ్గర గుమాస్తాగా చేరాడు. ఏ ఇంట్లో ఏం గుర్తు పెట్టాలో రత్నాలమ్మ చెబుతుంటే వెళ్ళి పెట్టి రావడం అతని పని. ఉమాశంకర్, గౌరీశంకర్ అన్నదమ్ములు. ప్రహరీ గోడ దగ్గర తగాదా వచ్చి మాటల్లేవు. అన్న ఇంట్లో రాగిచెంబుతో నీళ్ళు తాగి, ఆ చెంబు తీసుకెళ్ళి తమ్ముడి పూజగదిలో పెట్టమంది. "తల్లి మోసుకెళ్ళిన సెంబు తిరిగివ్వకుండా ఉంచుకోడానికి ఆడికి గుండెలున్నాయేటి? ఇవ్వాలంటే గుమ్మం తొక్కాలి కదా." ఆవకాయ ఇంటి ఉమామహేష్ తన కూతురు ప్రియకు ఇక చదువు చాలని కాలేజీ సంచి అటక ఎక్కించాడు. ఆ సంచి దింపి, పసుపు బొట్టు పెట్టి, వీధి గడప దగ్గర బయటికి చూసేలా నిలబెట్టమంది.

పోను పోను భానుమూర్తికి హుషారెక్కింది. తన నవల్లో ఇదే ఊరిని ముంచడానికి ఎంత శ్రమపడ్డాడో! మన్మథరావు వంటింట్లో దప్పళం రుచి చూస్తే చాలా బాగుంది. ఇంత మంచి దప్పళం తినే మనిషిని అన్యాయంగా రెండో అధ్యాయంలోనే పంపేశానని కాస్త నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే ఇంకో గరిటె వేసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా వీధి చివర ఒక ఇల్లు మిగిలింది. అది తనదే.

"మీ ఇంటికి నానెల్లను," అంది రత్నాలమ్మ. "నువ్వే ఎల్లు. ఆ ఇంట్లో ఏటి కావాలో నువ్వే సూసుకో."

"మా ఇంట్లో ఏటి కావాలి? అన్నీ ఉన్నాయి."

"అయితే బేగి ఒచ్చీసెయ్," అని ఆమె మొగలిపొదల వైపు కదిలింది.

భానుమూర్తి వీధి గుమ్మంలోంచి సొంత ఇంట్లోకి అడుగుపెట్టాడు. అటు నుంచి వచ్చి ఎన్ని నెలలయిందో. వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

వంటింటి మధ్యలో కుర్చీ వేసి ఉంది. ఆ కుర్చీలో తన గళ్ళ చొక్కా కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసి, బొత్తాలన్నీ పెట్టి, కాలరు సర్ది, కుర్చీ వీపుకు తొడిగి ఉంది. జేబులో పాత కళ్ళజోడు. భుజం మీద తువ్వాలు. కుర్చీ కింద తన పాత చెప్పులు, కాళ్ళు అందులో ఉన్నట్టే, ముందుకు తిరిగి ఉన్నాయి. ఎదురుగా పీట మీద గ్లాసు నిండా టీ. తెల్లవారుజామున పోసిందేమో, మీగడ కట్టి ఉంది. అటువైపు ఆమె పీట. ఆమె తాగిన గ్లాసు కడిగి బోర్లించి ఉంది.

భానుమూర్తి వెళ్ళి ఆమె పీట మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే నిజంగానే ఎదురుగా మనిషి ఉన్నట్టుంది. రోజూ గోడవతల నుంచి ఆమె మాటలు వినపడేవి. ఈ రోజు కూరలో కారం ఎక్కువైందా అనీ, ఉద్దానంలో మళ్ళీ గాలివాన వస్తుందంటున్నారు అనీ, మానసకు జ్వరం తగ్గిందట అనీ. కూతురితోనో చెల్లెలితోనో ఫోన్లో మాట్లాడుతోందనుకున్నాడు. రాసుకోనివ్వదని విసుక్కున్నాడు కూడా. మానసకు జ్వరం తగ్గిందట అని మానసకే ఎవరైనా చెబుతారా? ఆమె చెప్పింది ఈ చొక్కాకు.

జానకిరామ్ అడిగిన వణుకు అప్పుడు పుట్టింది. తలవంచుకుని ఏడ్చాడు. సిగ్గుతో, భయంతో, తప్పిపోయి దొరికిన పిల్లాడిలా ఏడ్చాడు. తాను వెనక గదిలో కూర్చుని లేని ప్రపంచాన్ని ముంచుతుంటే, గోడకు ఇవతల నిజంగానే ఒక మనిషి మిగిలిపోయింది.

పొదల్లోంచి రత్నాలమ్మ ఈల వేసింది. ముసలామె ఈల వేస్తుందని కూడా అతనికి ఆ రోజే తెలిసింది. లేచాడు. ఏం గుర్తు విడవాలో తోచలేదు. చల్లారిన టీ గటగటా తాగేశాడు. చొక్కాను అలా కుర్చీలో వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. బొత్తాలు విప్పి తొడుక్కున్నాడు. బొత్తాలు బిగువుగా పట్టాయి. కుర్చీకి పొట్ట లేదు కదా.

మొగలిపొదల వెనక నుంచి పోయి, ఊరివైపు తిరిగొస్తున్న జనంలో ఇద్దరూ చివర కలిసిపోయారు. రత్నాలమ్మ కలిసిపోయిన తీరు నీళ్ళలో నీళ్ళు కలిసినట్టుంది. భానుమూర్తి మాత్రం తేలు కుట్టిన దొంగలా నడుస్తున్నాడు.

"ఏరా, పొద్దున్నించి కనపడనేదు?" అన్నాడు మన్మథరావు.

"అటేపు చెట్ల కింద పడుకున్నాను మావా," అన్నాడు భానుమూర్తి. మావ నోటి దగ్గర దప్పళం వాసన లేదు గానీ తన నోటి దగ్గర ఉందేమోనని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ తిప్పుకోవడంలో ముందు నడుస్తున్న త్రిపురసుందరి కంటబడ్డాడు. ఆమె మలుపు తిరుగుతూ వెనక్కి చూసింది. నెత్తి మీద ఘటం. గుడిలో దించేదాకా పెదవి విప్పకూడదు. ఆమె చూపు అతని ముఖం మీద నుంచి చొక్కా మీదికి దిగి, అక్కడే ఆగిపోయింది. పొద్దున ఆ చొక్కా ఎక్కడ ఉందో ఈ లోకంలో ఆమె ఒక్కతెకే తెలుసు. భర్త తోటకు రాలేదని, ఊళ్ళో మిగిలాడని, వంటింట్లోకి వచ్చాడని, చూశాడని ఆమెకు తెలిసిపోయింది. ఘటం కదిలింది. నీళ్ళు తొణికి ఆమె నుదుటి మీద పడ్డాయి. పక్కనున్న ఆడవాళ్ళు అయ్యో అన్నారు. ఆమె రెండు చేతులతో ఘటాన్ని నిలబెట్టుకుని ముందుకు నడిచింది.

గుడి దాకా భానుమూర్తి ప్రాణం అరచేతిలో ఉంది. ఆమె ఘటం దించి ఒక్క మాట అంటే చాలు. తంతు చెడుతుంది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన వంతు పోతుంది. అందుకు కారణం తానే అవుతాడు. అనడానికి ఆమెకు హక్కుందని కూడా అతనికి తెలుసు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

ఘటం దిగింది. ఆమె ఏమీ అనలేదు. తిన్నగా ఇంటికి నడిచింది.

ఊళ్ళో గోల మొదలైంది. తమ్ముడు గౌరీశంకర్ చెంబు పట్టుకుని అన్న గుమ్మం ముందు తచ్చాడుతున్నాడు. ఉమామహేష్ కూతురి సంచి చుట్టూ మూడుసార్లు తిరిగి దణ్ణం పెట్టి, "తల్లే పంపుతుంటే నానెవణ్ణి," అంటున్నాడు. మన్మథరావు ఇంట్లో దప్పళం సగానికి సగం లేదట. ఈసారి తల్లి బాగా ఆకలి మీద వచ్చిందని అందరూ ముక్కున వేలేసుకున్నారు. చివరి వీధిలో ప్రతి ఇంట్లోనూ గుర్తులే. ఆ ఊపులో జనమంతా ఘటం ఎత్తినామె ఇంటి ముందుకొచ్చి చేరారు.

"ఏటమ్మా సుందరీ," అని మన్మథరావు కర్ర తాటించాడు. "మీ ఇంటికొచ్చిందా తల్లి?"

లోపలికెళ్ళిన త్రిపురసుందరి చాలాసేపు రాలేదు. భానుమూర్తి వాకిట్లో బిగుసుకుపోయి నిలబడ్డాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. చివరికి ఆమె గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గ్లాసు ఉంది, దాని అడుగున ఎండిన మీగడ ఉంది. భర్త వైపు చూసింది. ఇన్ని నెలలకు అతను దగ్గకుండా ఆమెనే చూశాడు.

"వచ్చింది," అంది. "టీ తాగీసింది."

జనం హోరెత్తారు. అసిరితల్లి టీ తాగడం ఊరు పుట్టాక ఇదే మొదలు. ఎవరో చెంపలు వేసుకున్నారు. ఎవరో అప్పుడే, వచ్చేసారి మా ఇంట్లోనూ టీ పెట్టాలన్నారు. గుంపు వెనక రత్నాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"తాగీసి, గ్లాసు మాత్రం కడక్కుండా ఎలిపోయింది," అంది త్రిపురసుందరి.

"తప్పు తప్పు! తల్లి గ్లాసు కడగడమేటమ్మా! కళ్ళు పోతాయి!" అన్నాడు మన్మథరావు.

"రేపట్నించి కడుగుతాది మావా," అని ఆ గ్లాసు తీసుకొచ్చి భర్త చేతిలో పెట్టింది.

భానుమూర్తి నూతి దగ్గరకెళ్ళి నీళ్ళు తోడి గ్లాసు తోమడం మొదలుపెట్టాడు. జనం తమ తమ సంబరాల్లోకి వెళ్ళిపోయారు. ఆమె వెనకాలే వచ్చి నిలబడింది. ఏదైనా అనాలి. ఎన్ని పేజీలు రాసినవాడు! క్షమించమనాలో, మానసకు జ్వరం తగ్గిందా అనాలో తేలక, నోటికొచ్చింది అనేశాడు.

"టీలో పంచదార ఎక్కువయ్యింది."

"అది మీకోసం పెట్టింది కాదు," అంది త్రిపురసుందరి. "ఆయన పంచదార ఎక్కువే తాగుతాడు. పిలిస్తే దగ్గడు. ఎదురుగా కూర్చుని వింటాడు."

భానుమూర్తి గ్లాసు మళ్ళీ తోమాడు. అది ఎప్పుడో శుభ్రమైంది. తలెత్తకుండానే అడిగాడు.

"ఆయన పక్కన ఇంకో కుర్చీ వేస్తే... ఏటైనా అనుకుంటాడా?"

ఆమె అతని చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నవ్వు ఆపుకుంటోందో, ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు.

"అడిగి చెబుతాను," అంది.